లసుమవ్వ చెప్పిన సినిమాలు

పెర్కిట్, ఆర్మూర్
సోమవారం

ఇరవై ఏళ్లు నా ఎడమ పక్కన కూర్చుని బీడీలు చుట్టిన కమలకు,

నీ లసుమక్క చెబుతోంది, వాణి రాస్తోంది. ఎవరివో రెండు జాకెట్లు ఇవాళే ఇవ్వాలట, పాపం మిషను ఆపి మరీ కూర్చుంది. నా నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు రాయమంటే వినడం లేదు. "పెద్దవ్వా, కమలవ్వ రాత్రిబడిల నేర్సుకున్నది పుస్తకాల తెలుగు. గట్ల పెద్ద పెద్ద అక్షరాలతోటి రాస్తే కూడబలుక్కొని సదువుకుంటది. నీ తిట్లన్ని రాస్తే ఆమెకు సమజ్ గాదు" అంటోంది. సరే కానిమ్మన్నాను. నువ్వే చదువుకో. రోజారాణితో చదివించుకోకు. ఇది మనిద్దరి పంచాయితీ, నీ కూతురికి ఇందులో పని లేదు.

నాలుగుసార్లు ఫోన్ చేయించాను. నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. అందుకే కాగితం మీదికి వచ్చాను. చింపాలన్నా ముందు చేతిలోకి తీసుకుంటావు కదా.

నువ్వు కూతురి దగ్గరికి ముప్కాల్ వెళ్లిపోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. జరిగింది నీకు తెలుసు. అయినా నా వైపు నుంచి ఒకసారి చెప్పనివ్వు. కులపెద్దలు కూడా ఇద్దరి మాటా విన్నాకే తప్పు ఎవరిదో చెబుతారు. నువ్వు నన్ను ఒక్క మాట అడగకుండా, సగం కట్టిన కట్టను చేటలోనే వదిలేసి లేచిపోయావు.

ఇదంతా ఆ సుకుమార్ తెచ్చిపెట్టింది. ఫోన్లో ఊరి ముచ్చట్ల ఛానల్ నడుపుకునేవాడు ఊరి ముచ్చట్లే చెప్పుకోవాలి. మా అరుగు మీదికి స్టాండు పట్టుకొచ్చి, "అవ్వలు, పదేండ్ల సంది వచ్చిన సినిమాలల్ల మీకు మస్తు నచ్చినయేందో చెప్పుండ్రి. పది ఏరుకుందాం, ఆర్మూర్ బీడీ అక్కలు మెచ్చిన పది సినిమాలని పెడత" అన్నాడు. మీరందరూ ఎంత సంబరపడ్డారు! నేను మాత్రం ఆ క్షణమే ఆకు వంకరగా కత్తిరించాను. ఎవరూ చూడలేదు.

మీకు తెలిసిన సినిమాలన్నీ నా నోటి నుంచి వచ్చినవే కదా. బీడీ చుట్టేవాళ్లకు కళ్లు ఆకు మీద ఉండాలి, చేతులు తంబాకులో ఉండాలి. టీవీ వైపు చూస్తే కత్తెర వేలికి పడుతుంది, బీడీ వదులవుతుంది, కార్ఖానాలో ఏరి పారేస్తారు. అందుకే కదా మనం ఆ ఏర్పాటు చేసుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం ఆటకు నేను టాకీసుకు పోయి రావాలి, సోమవారం కూర్చుని సినిమా అంతా చెప్పాలి, ఆ రోజు నా వంతు బీడీలు మీరు నలుగురూ కలిసి చుట్టాలి. ఈ పదేళ్లలో నేనెన్ని చెప్పానో లెక్క లేదు. మీ కోడళ్లెవరైనా "టీవీల గట్ల లేదు" అంటే, "టీవీల కోసి ఏస్తరే, టాకీసుల ఉన్నది వేరు" అని నోరు మూయించాను.

పోచవ్వ తన బర్రె సినిమా చెప్పింది. తప్పిపోయిన బర్రె ఏడాదికి దూడను వెంటేసుకుని వాకిట్లోకి వచ్చిన చోట ఆమె ఏడ్చింది కూడా. సుకుమార్ తల గోక్కున్నాడు. "అవ్వా, గా సినిమాల బర్రె మల్ల రానే రాదు గదా" అన్నాడు. "నీ మొకం! దూడ సుత ఉన్నది, దాని నుదుటి మీద సుక్క సుత ఉన్నది" అని పోచవ్వ వాడి మీదికి లేచింది. అప్పుడు నువ్వు ఎన్నడూ లేనంత గట్టిగా, "నాకు రైలుగేటు సినిమా" అన్నావు. ఆ దుర్మార్గుడు ఊరుకోవచ్చు కదా. "అది నా దగ్గర ఉన్నది కమలవ్వా" అని లోపలి టీవీకి ఏదో తగిలించి వేశాడు.

ఆ పూట బీడీ చుట్టినవాళ్లు లేరు. కథలో బట్టలు కుట్టుకునే ముండమోసినామె, భార్య పోయిన రైలుగేటు మనిషి. ఇంటర్వెల్ దాకా అంతా నేను చెప్పినట్టే ఉంది. తర్వాత, నేను చెప్పిన సినిమాలో ఆమె ఆయన మొహం మీదే, "ఈ వయసులో నాకు కావలసింది మనిషి కాదు, మర్యాద" అంటుంది. ఏడేళ్లుగా మన అరుగు మీద అందరి నోట్లో ఆ మాటే. టీవీలో ఆమె ఆ మాట అనలేదు. కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని పట్టాలు దాటి ఆయన గదికి పోయింది. ఇద్దరూ ఒకే గిన్నెలో అన్నం తిన్నారు. అంతే, అయిపోయింది.

పోచవ్వ నెత్తి కొట్టుకుంది. "అయ్యో కమలా! గీ ముసల్దాని మాటకు బతుకు పోగొట్టుకుంటివి గదనే!" అన్నది. అందరూ నిన్నే చూశారు. నువ్వు లేచావు.

ఇప్పుడు నా మాట విను. అవును, మార్చాను. నీ మంచికే మార్చాను. అప్పుడు నీకు యాభై ఒకటి. పసుపు యార్డులో కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము తిప్పే లింగన్న నిన్ను పెళ్లికి అడుగుతున్నాడని అరుగు మీద అందరికీ తెలుసు. ఊరు ఏమనేది? రోజారాణి అత్తగారు ఏమనేది? నిన్ను పిలిచి చెబితే వింటావా? వినవు. అందుకని సినిమాలో పెట్టి చెప్పాను. నువ్వు ఆ మరునాడే వచ్చి, "అక్కా, నేను సుత లింగన్నకు వద్దని చెప్పిన" అన్నావు. తల ఎత్తుకుని అన్నావు. ఏడేళ్లు తల ఎత్తుకునే తిరిగావు. ఆ మర్యాద ఎవరిచ్చారు? నేనిచ్చాను. నాకు దండం పెట్టాల్సింది పోయి అలిగి కూర్చుంటావా?

వాణి కలం ఆపి నా మొహం చూస్తోంది. "రాయవే, రాయి" అంటున్నాను. నా మాటలో తప్పుంటే నువ్వే వచ్చి చెప్పు.

నీ అక్క లసుమవ్వ
(వేలిముద్ర వేశాను. తంబాకు మరక కూడా పడింది, ఏమనుకోకు.)


పెర్కిట్
బుధవారం

కమలా, నా చెల్లె,

ఆదివారం రోజారాణి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, అమ్మ నీ ఉత్తరం రెండు దినాలు కూడబలుక్కొని సదివింది. సదివి పొయ్యిల పెట్టింది" అని చెప్పింది. మంచి పని చేశావు. అది పొయ్యిలో పెట్టాల్సిన ఉత్తరమే. అందులో ఉన్నది అబద్ధం.

ఇప్పుడు చెప్పేది వాణి ముందు చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. గోడ వైపు తిరిగి రాయమన్నాను. తిరిగింది. మంచి పిల్ల. మధ్యలో ఒక్కసారి కూడా వెనక్కి చూడొద్దని ఒట్టు వేయించుకున్నాను.

నేను నీ మంచి కోసం సినిమా మార్చలేదు కమలా. ఆ సినిమా రెండో సగం నేను చూడనే లేదు. అదొక్కటే కాదు, ఈ పదేళ్లలో ఏ సినిమా రెండో సగమూ చూడలేదు.

గర్భసంచి తీసేసినప్పటి నుంచి నాకు ఆగదు. నీకు తెలియదు. ఎవరికీ తెలియదు. మా ఆయన ఉన్నప్పుడు ఆయనకూ చెప్పలేదు. పదేళ్ల కింద ఎండాకాలంలో ఒక ఆదివారం, టాకీసు నిండా జనం. ఇంటర్వెల్లో బయటికి పోతే ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో అడగడానికి నాకు నోరు రాలేదు. నాకు, కమలా! కార్ఖానా మేనేజరు చొక్కా పట్టుకున్న నాకు! తిరిగొచ్చి కూర్చున్నాను. సినిమాలో అందరూ నవ్వే చోట నేనూ నవ్వాను. అంతే. చీర తడిసింది. కుర్చీ తడిసింది. కిందికి కారింది. వెనక కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలు కాళ్లు పైకి లాక్కున్నారు. టార్చిలైటు మనిషి వచ్చి నా ఒళ్లోకి లైటు కొట్టాడు. "ఏందవ్వా, సంటిపిల్ల లెక్క! ఇంట్ల పడుండరాదు?" అన్నాడు. అంత వెలుతురు నా మొహం మీద నా పెళ్లప్పుడు కూడా పడలేదు.

నేనేం చేశానో తెలుసా? చేతిలో ఉన్న నీళ్ల సీసా మూత తీసి నా ఒళ్లో కుమ్మరించుకున్నాను. "నీళ్లు పడ్డయిరా, కండ్లు కనవడ్తలేవా" అని వాడి మీద అరిచాను. అరుస్తూనే బయటికి వచ్చాను. పెద్ద రోడ్డు మీద నడవలేక పసుపు యార్డు వెనక సందుల గుండా, గోడకు వీపు ఆనించుకుంటూ ఇల్లు చేరాను.

మరి సోమవారం ఏం చెప్పాలి? "సినిమాకు పోలేదు" అంటే ఎందుకని అడుగుతారు. ఆ రోజు మొదటిసారి రెండో సగం నేనే కట్టి చెప్పాను. మీరు బాగుందన్నారు. నువ్వైతే, "అక్కా, గిది పోయిన వారందానికన్న మంచిగున్నది" అన్నావు.

అప్పటి నుంచి అదే పద్ధతి. ఇంటర్వెల్ గంట కొట్టగానే లేచి బస్టాండుకు పోయేదాన్ని. అక్కడ దొడ్డి తెరిచే ఉంటుంది. తర్వాత బెంచీ మీద కూర్చుని, ఆట వదిలే వేళ దాకా మిగతా సినిమా కట్టుకునేదాన్ని. కమ్మర్‌పల్లి బస్సు కోసం పరుగెత్తే ముసలాయన, చంకలో పిల్లను వేసుకుని టికెట్ కోసం కొట్లాడే ఆడమనిషి, దుబాయి పోయేవాడిని సాగనంపడానికి వచ్చి అరటిపండ్లు ఒలిచి తినిపిస్తున్న తల్లి, అందరూ నా సినిమాల్లోకి వచ్చేవాళ్లు. పోచవ్వ ఏడ్చిన దూడ కూడా బస్టాండులో అరటితొక్కలు తినే దూడే. దాని నుదుటి మీద నిజంగానే చుక్క ఉండేది.

ఇక్కడితో ఆపితే నువ్వు నన్ను క్షమిస్తావని తెలుసు. నీది మెత్తని మనసు. "అయ్యో అక్కా, గంత బాధ పడ్డవా" అంటావు. కానీ అసలు మాట ఇంకా లోపలే ఉంది. వాణీ, రాయి.

రైలుగేటు సినిమా రెండో సగం చూడలేదు సరే, నా ఇష్టం వచ్చినట్టు కట్టవచ్చు కదా. ఆమెను గేటు దాటించవచ్చు కదా. నాకు ఆ బెంచీ మీద ముందు తోచింది అదే. ఇద్దరూ కలిసి బతికినట్టే తోచింది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఇది విని కమల లింగన్నతో అతని ఊరు బాల్కొండ పోతుంది అనుకున్నాను. పోతే నా ఎడమ పక్కన ఎవరు కూర్చుంటారు? నా కథ నడుమ "ఊ" కొట్టేది ఎవరు? పోచవ్వ నిద్రపోతుంది. మిగతావాళ్లు వాళ్ల కోడళ్ల ముచ్చట్లు తీస్తారు. నువ్వొక్కదానివే చేతులు ఆడిస్తూ చెవి నాకు ఇచ్చేదానివి. ఆ చెవి పోతుందని భయపడి సినిమాలో ఆమెతో వద్దనిపించాను. మర్యాద గిర్యాద అని మాటలు పేర్చాను. మర్యాద గురించి చెప్పేందుకు నాకేం హక్కుంది, సందుల్లో గోడకు ఆనుకుని నడిచొచ్చిన దానికి?

ఆ సోమవారం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆ మాట చెప్పగానే నీ చేతులు ఆగిపోయాయి. అన్నేళ్లలో నీ చేతులు ఆగడం అదొక్కసారే. "ఆమెనే వద్దన్నదా అక్కా?" అని అడిగావు. అవునన్నాను. "ఆయన గాదు? ఆమెనేనా?" అని మళ్లీ అడిగావు. "ఆమెనేనే, మొకం మీదనే చెప్పింది" అన్నాను. ఇంకోసారి చెప్పించుకున్నావు. నా అబద్ధం నీలోకి దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. లోపల సంతోషపడ్డాను కమలా. అది దాచను.

నన్ను క్షమించమని అడగడం లేదు. చెడగొట్టింది నేను గనుక బాగు చేయాల్సింది కూడా నేనే. లింగన్న ఇప్పుడు బాల్కొండలో కొడుకు దగ్గర ఉన్నాడట. ఎల్లుండి బస్సెక్కి పోతాను. ఆయన కాళ్లు పట్టుకుని, తప్పు కమలది కాదు నాదని చెబుతాను. ఏడేళ్లు ఆలస్యమైంది నిజమే. మీ ఇద్దరికీ ఊపిరి ఉంది కదా.

తల ఎత్తలేని
లసుమవ్వ


ఆర్మూర్ బస్టాండ్
శనివారం

బాల్కొండలో కొడుకు భూమేష్ ఇంట్లో ఉండే లింగన్నకు,

నిన్న నీ వాకిట్లో మక్క కంకులు ఒలుచుకుంటుంటే వచ్చి కూర్చున్న ముసలిదాన్ని, లసుమవ్వను. ఈ ఉత్తరం రాసి పెడుతున్నది గంగాదాస్ అనే పెద్దమనిషి. ఎప్పుడో టపా ఇచ్చి రిటైరయ్యాడు. మనకు చుట్టం కాదు, పక్కం కాదు, మా వాడకట్టు మొహం తెలియనివాడు. అందుకే ఈయన దగ్గరికి వచ్చాను. ఎప్పుడూ రాసి పెట్టే పిల్లకు ఈ సంగతి తెలియకూడదు.

నిన్న నీ కాళ్లు పట్టుకోబోతే నువ్వు వెనక్కి జరిగావు. నా సినిమా గోల అంతా విన్నావు. విని నువ్వు అన్న మాట రాత్రంతా నా చెవిలో తిరిగింది. "అక్కా, నువ్వెందుకు ఏడుస్తున్నవ్? కమల నాకు వద్దని చెప్పలే. నేనే ఆమెకు వద్దని చెప్పిన" అన్నావు.

ఆమె సరేనన్నదట. రోజారాణికి తానే చెప్పుకుంటానన్నదట. నీ భూమేషే తలుపుకు అడ్డం నిలబడి, "ముసల్తనంల పెండ్లి చేసుకుంటే నేను ఇంట్లకు రానియ్య, సచ్చినా రాను" అన్నాడట. నువ్వు శనివారం నాడు యార్డులో డ్రమ్ముల వెనక్కి ఆమెను పిలిచి, కాదని చెప్పావట. అంటే నేను సినిమా చెప్పడానికి రెండు రోజుల ముందే. ఆమె ఏమన్నదని అడిగితే, "ఏమన్లే అక్కా. కొంగుల పసుపు దుమ్ము దులుపుకొని పోయింది" అన్నావు.

లింగన్నా, నేను నిన్న తిరుగు బస్సులో ఏం చేశానో చెబుతాను. నవ్వాను. కిటికీ పక్కన కూర్చుని, బాల్కొండ నుంచి ఆర్మూర్ దాకా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. తప్పు నాది కాదు! పోచవ్వ మొహం మీద కొడతాను, అరుగు మీద నలుగురి ముందు నిలబెట్టి చెబుతాను, "నా మాటకు ఎవరి బతుకూ పోలేదే" అని. నువ్వే వచ్చి సాక్ష్యం చెబుతానన్నావు కదా. "జరూర్ వస్త అక్కా, నీ మీద నింద ఎందుకు" అన్నావు. కేసు గెలిచాననుకున్నాను.

బస్సు దిగాక ఇంటికి పోకుండా బస్టాండు బెంచీ మీదే కూర్చున్నాను. కమల నన్ను మూడుసార్లు అడిగిన మాట అప్పుడు అర్థమైంది. "ఆయన గాదు? ఆమెనేనా?" అని ఎందుకు అడిగిందో అప్పుడు అర్థమైంది. నా అబద్ధం ఆమెలోకి దిగుతోందని నేననుకున్నాను. ఆమె అప్పటికి రెండు రోజులుగా ఆ అవమానాన్ని కడుపులో పెట్టుకుని, మా పక్కన కూర్చుని, ఎవరికీ చెప్పుకోలేక బీడీలు చుడుతోంది. నేను చెప్పిన సినిమాలో ఒక ఆడది తానే వద్దన్నది. కమల దాన్ని తీసి కట్టుకుంది, చలికి దుప్పటి కప్పుకున్నట్టు. మరునాడు వచ్చి "నేనే వద్దన్న" అన్నది. ఏడేళ్లు దాని కిందే నిలబడింది. మొన్న ఆ టీవీ ముందు నలుగురూ కలిసి దాన్ని లాగేశారు. ఆమె కోపం నా మీద కాదు. జాలి చూపులు తట్టుకోలేక వెళ్లిపోయింది. నిజం చెప్పి జాలి తప్పించుకుందామా అంటే, నిజం అంతకంటే పెద్ద సిగ్గు.

అలాంటి సిగ్గు నాకు తెలుసు. నీళ్లు కుమ్మరించుకుని అరిచినదాన్ని.

కాబట్టి నువ్వు రావద్దు. సాక్ష్యం వద్దు. ఎవరు అడిగినా, నీ కొడుకే అడిగినా, "కమల నన్ను వద్దన్నది" అనే చెప్పు. మొగోడివి, ఒక్క ఆడది వద్దన్నదంటే నీదేం పోదు. అప్పుడు కొడుకు ముందు నిలబడలేకపోయావు. ఇప్పుడు ఈ ఒక్క మాట మీదైనా నిలబడు. నిన్ను తిట్టాలని నిన్ననే నోటిదాకా వచ్చింది గానీ, నీ మక్కల చేట ముందు నువ్వు కూర్చున్న తీరు చూసి మింగాను.

ఈ ఉత్తరం కాల్చేయి.

లసుమవ్వ


పెర్కిట్
మంగళవారం

కమలకు,

మళ్లీ వాణే రాస్తోంది. ఈసారి గోడ వైపు తిరగమనలేదు. ఇప్పుడు చెప్పేవన్నీ వాడకట్టంతా విన్నవే.

బాల్కొండ పోతానని రాశాను కదా, పోలేదు. బస్టాండు దాకా పోయి, మోకాళ్లు నొప్పి పెట్టి తిరిగొచ్చాను. లింగన్నను చూడలేదు, మాట్లాడలేదు.

నిన్న సుకుమార్‌ను నేనే పిలిపించాను. స్టాండు పెట్టమన్నాను. పోచవ్వను, మిగతావాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈ పదేళ్ల సినిమాలకు రెండో సగాలన్నీ నావేనని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. కుర్చీ, చీర, టార్చిలైటు, సీసా, ఏదీ దాచలేదు. సుకుమార్ ఫోన్ ఆపబోయాడు. "ఆపకురా, అందరు ఇననీ" అన్నాను. ఎవరి మొహమూ చూడకుండా చేటలో ఆకు వైపు చూస్తూ చెప్పాను. ఇప్పుడు వాడకట్టంతా నా చీర ముచ్చటే. నిన్ను తలుచుకునే తీరిక ఒక్కరికీ లేదు. ఆఖరికి పోచవ్వ, "అయితే నా బర్రె సుత రాలేదానే?" అన్నది. రాలేదన్నాను. "నాకు గా టీవీల బర్రె వద్దు. సుకుమారూ, నేను చెప్పిందే రాసుకో" అన్నది. వాడు రాసుకున్నాడు.

నీ సంగతి కూడా ఎత్తారు. నా మాట విని కమల బతుకు పోగొట్టుకుందని మళ్లీ మొదలుపెట్టారు. అప్పుడు నేను వాళ్లకు అసలు జరిగింది చెప్పాను. కమల నా సినిమా విని వద్దనలేదు. నేను సినిమా చెప్పడానికి రెండు రోజుల ముందే, శనివారం నాడే, యార్డులో లింగన్న మొహం మీద వద్దని చెప్పి వచ్చింది. దారిలో నాకొక్కదానికే చెప్పుకుంది, ఎవరితో అనొద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది. నాకు రెండో సగం దొరక్క, చెల్లె నమ్మి చెప్పుకున్న మాటను ఎత్తుకొచ్చి సినిమాలో పెట్టాను. ఆ ముండమోసినామె అన్న "మర్యాద" మాట కూడా కమల నోటి మాటే. అది నేను దొంగిలించాను, ఒప్పుకోలేక మొన్న వాణితో వేరేలా రాయించాను. ఇదీ నేను వాళ్లతో చెప్పింది.

పోచవ్వ నోరు తెరిచింది. "గట్లనా! అందుకేనా గామె మూడుసార్లు అడిగింది? తన మాట సినిమాలకు ఎట్లొచ్చిందని అడిగిందన్నట్టు! ఓసినీ! కమల గట్టిదేనే" అన్నది. తర్వాత అందరూ కలిసి నన్ను తిట్టడం మొదలుపెట్టారు. నమ్మి చెప్పుకున్నదాన్ని అంగట్లో పెడతావా, నీది నోరా మోరా అని. పడ్డాను. తిరిగి ఒక్క మాట అనలేదు. వాణి అక్కడే ఉంది, అడుగు.

సుకుమార్ పట్టీలో తొమ్మిది సినిమాలు అయ్యాయి. నీది ఒక్కటి ఆపించాను. రైలుగేటు సినిమా అంటావో, ఇంకొకటంటావో, అసలు నాకు ఏ సినిమా నచ్చలేదంటావో, అది ఎవరూ నీ బదులు చెప్పకూడదు.

నువ్వు రా. నాతో మాట్లాడడానికి కాదు. నన్ను తిట్టాల్సిన మొదటి మనిషివి నువ్వు, నీకంటే ముందు వాళ్లందరూ తిట్టేస్తున్నారు. వచ్చి నలుగురి ముందు నిలబడి, "నా మాట ఎందుకు ఎత్తుకపోయినవే" అని నన్ను కడిగి పారేయి. ఎంతసేపు తిడతావో తిట్టు. నేను నోరు మూసుకుని, తల వంచుకుని వింటాను.

లసుమవ్వ